టైరు మీది నాలుగంకెలు చదివాకే బండి కదపండి

ఈస్టర్ సెలవులు దగ్గరపడ్డాయి. చలికాలమంతా ఇళ్ల ముందూ స్టోరేజీ యార్డుల్లోనూ కవరు కప్పుకుని నిలబడ్డ కారవాన్లను బ్రిటన్ అంతటా ఒక్కొక్కటిగా బయటికి తీస్తున్నారు. వాటిలో మన తెలుగు కుటుంబాలవీ ఉన్నాయి. కారుకు తగిలించే ముందు ఒక్క పని చేయండి. చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, టైరు గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివరన ఉన్న నాలుగంకెలు చదవండి. 1219 అని ఉంటే ఆ టైరు 2019లో 12వ వారంలో తయారైందని అర్థం. బయటివైపు కనబడకపోతే లోపలివైపు ఉంటుంది, టార్చి పట్టుకుని కిందికి దూరి చూడండి. ఆ టైరుకు ఏడేళ్లు నిండి ఉంటే, దాని గాళ్లు కొత్తదాని మీద ఉన్నంత లోతుగా కనబడుతున్నా సరే, బండి కదపకండి. టైర్లు మార్చాకే ప్రయాణం.

ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. "ఈ కారవాన్ ఇంకా ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు, ఎప్పుడు మార్చాలి?" అనే ప్రశ్న ప్రతి ఇంట్లోనూ డబ్బు లెక్కతోనే మొదలై డబ్బు లెక్కతోనే ముగుస్తోంది. కొన్నప్పుడు ఇంత పోశాం, ఇప్పుడు అమ్మితే ఇంతే వస్తుంది, ఇంకో రెండేళ్లు లాగుదాం అనుకుంటాం. ఆ లాగడమే అసలు ప్రమాదం. టన్నుకు పైగా బరువున్న బండిని, భార్యాబిడ్డలు కూర్చున్న కారు వెనక కట్టుకుని, గంటకు 60 మైళ్ల వేగంతో మోటార్‌వే మీద లాగుతున్నాం. రాత్రి అయితే అదే బండిలో తలుపులు బిగించుకుని గ్యాసు హీటరు పక్కన నిద్రపోతున్నాం. మార్చాలా వద్దా అన్నది ముందు ప్రాణానికి సంబంధించిన మాట. డబ్బు మాట ఆ తరవాతే.

ఎవరూ అడగని బండి

మన దగ్గర కారవాన్ అంటే సినిమా షూటింగు దగ్గర హీరో సేద తీరే ఏసీ బండి. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. దీనికి ఇంజను ఉండదు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, హీటరు, స్నానాల గది అమర్చిన చిన్న ఇంటిని ఇరుసు మీద నిలబెట్టి కారు వెనక కట్టుకుని పోతారు. మన తాతల నాటి గూడుబండికి దూరపు చుట్టమనుకోండి. సరదా ప్రయాణాల కోసం చేయించుకున్న తొలి కారవాన్‌గా ఇక్కడివాళ్లు చెప్పుకునే 'వాండరర్'ను గుర్రాలే లాగాయి. విలియం గార్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడు 1885లో దాన్ని బ్రిస్టల్‌లో చేయించుకున్నాడు. అది ఇప్పటికీ పదిలంగా ఉంది. నీడ పట్టున ఉంచి, రోడ్డెక్కించకుండా చూసుకుంటే కారవాన్ 140 ఏళ్లయినా నిలబడుతుందన్నమాట. మన బండి అలా ఉండదు. ఏడాదిలో పదకొండు నెలలు వానలో నానుతుంది, మిగతా నెల రోజులు రోడ్డు మీద కుదుపులు తింటుంది.

కారుకైతే మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా ఎంఓటీ పరీక్ష తప్పదు. బ్రేకులు అరిగినా, టైరు చెడినా, అడుగున తుప్పు తిన్నా అక్కడ పట్టుకుంటారు. కారవాన్‌కు ఆ పరీక్ష లేదు. 3,500 కిలోల లోపు బరువుండే లాగుడు కారవాన్‌ను ఏటా ఎవరికైనా చూపించాలని బ్రిటన్ చట్టం అడగదు. దానికి సొంత రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండదు, లాగే కారు నంబరునే వెనక తగిలించాలి. ప్రత్యేకంగా బీమా తీసుకోవాలనే నిర్బంధమూ లేదు. అందువల్ల ఇరవై ఏళ్లపాటు ఒక్క మెకానిక్ కూడా ముట్టుకోని కారవాన్ కూడా రోడ్డెక్కవచ్చు. అడిగేవాడుండడు. పరీక్ష లేదు కదా అని బాధ్యత పోదు. కారవాన్ టైరు చట్టానికి తగినట్టు లేకుండా పోలీసులకు దొరికితే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు, లైసెన్సు మీద 3 పాయింట్లు ఎక్కుతాయి.

దీనికి తోడు 2021 డిసెంబరు 16న ఒక పెద్ద తలుపు తెరుచుకుంది. అంతకుముందు 1997 జనవరి 1 తరవాత డ్రైవింగు పరీక్ష పాసైనవాళ్లు బరువైన బండ్లు లాగాలంటే విడిగా మరో పరీక్ష రాయాల్సి వచ్చేది. ఆ రోజు నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా లాగవచ్చు. భారత లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు కనుక, మనవాళ్లలో దాదాపు అందరూ ఇక్కడికి వచ్చాక కొత్తగా పరీక్ష రాసి పాసైనవాళ్లే. అంటే ఆ తలుపు మనకోసమే తెరిచినట్టయింది. పక్కన కూర్చుని నేర్పేవాడు లేడు, పరీక్షించేవాడు లేడు. కొత్త చేతులకు పాత బండి దొరికితే ఏమవుతుందో చెప్పాల్సిన పనిలేదు. తెలియకుండానే ప్రమాదం ఇంటికి వచ్చి కూర్చుంటుంది.

నడవని టైరే ముందు ముసలిదవుతుంది

కారు టైరు అరిగిపోయి పాతబడుతుంది. కారవాన్ టైరు అరక్కుండానే పాతబడుతుంది. తేడా ఇక్కడే ఉంది, చాలామంది మోసపోయేదీ ఇక్కడే. కారవాన్ ఏడాదికి నడిచే మైళ్లు కొద్ది. అందుకే పదేళ్లయినా గాళ్లు లోతుగానే ఉంటాయి. చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల లోతు ఎప్పుడూ ఉంటుంది. కానీ నెలల తరబడి ఒకే చోట, ఒకే భాగం మీద బరువు మోస్తూ, ఎండకూ చలికీ నిలబడ్డ రబ్బరు లోలోపల గట్టిపడిపోతుంది. గోడ మీద వెంట్రుకవాసి నెర్రెలు విచ్చుతాయి. పూర్తి సామాను నింపిన బండి బరువు మీద పడి, మోటార్‌వే వేడి తగిలేసరికి ఆ నెర్రెల దగ్గరే పేలుతుంది.

టైరు వయసు ఎంత పని చేస్తుందో బ్రిటన్ చాలా పెద్ద ధర చెల్లించి నేర్చుకుంది. 2012 సెప్టెంబరులో ఒక సంగీతోత్సవం నుంచి యువతీయువకులను ఇళ్లకు చేరుస్తున్న కోచ్ సర్రే ప్రాంతంలో ఏ3 రహదారి మీద చెట్టును గుద్దుకుంది. డ్రైవరుతో సహా ముగ్గురు చనిపోయారు. పేలిన ముందు టైరుకు 19 ఏళ్లు దాటాయి. గాళ్ల లోతు ఉంది కాబట్టి అప్పటి చట్టం ప్రకారం ఆ టైరులో తప్పేమీ లేదు. ఆ ప్రమాదంలో 18 ఏళ్ల కొడుకు మైకేల్‌ను పోగొట్టుకున్న ఫ్రాన్సెస్ మొలాయ్ అనే తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సులు, కోచ్‌ల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడడాన్ని చట్టం నిషేధించింది. మినీబస్సులకూ ఇలాంటి నిబంధనే వచ్చింది. కారవాన్ ఆ జాబితాలో లేదు. ఆ తల్లి గెలిచిన చట్టం మన ఇంటి ముందున్న బండి దాకా రాలేదు. అందుకే ఆ అంకెలు మనమే చదువుకోవాలి.

కారవాన్ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పే లెక్క సులువు. అయిదేళ్లకు టైరు మార్చడం మంచిది, ఏడేళ్లు దాటి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. స్టెప్నీ టైరుకూ ఇదే లెక్క. వాడలేదు కదా అని పదేళ్ల స్టెప్నీని కొత్తదని నమ్మకండి. టైరు మార్చినచోట నట్లు ఎంత బిగించాలో బండి పుస్తకంలో అంకె ఉంటుంది, ఆ అంకెకే టార్క్ రెంచితో బిగించమనండి. కొన్ని మైళ్లు నడిచాక ఆగి మళ్లీ సరిచూసుకోండి. చక్రమే ఊడిపోయిన కారవాన్లున్నాయి.

చెమ్మ: గోడలోపలి చెద

టైరు మార్చితే పోతుంది. కారవాన్ ఆయుష్షును అసలు నిర్ణయించేది మాత్రం చెమ్మ. పాత కారవాన్ గోడ అంటే బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్ పలక, రెంటి మధ్య కొయ్య చట్రం, థర్మకోల్. రేకులు కలిసే చోట, కిటికీల చుట్టూ, పైకప్పు గవాక్షాల చుట్టూ, గుడారం తగిలించే పట్టీ పొడవునా, మూలల్లో చేతిపట్టీల కింద మాస్టిక్ అనే జిగురుముద్ద పూసి నీటిని ఆపుతారు. కాలం గడిచేకొద్దీ ఆ ముద్ద ఎండి, చిట్లి, వదులవుతుంది. రోడ్డు కుదుపులకు కీళ్లు కదులుతాయి. బండిని నెట్టడానికి మూలల్లో చేతిపట్టీలు పట్టి లాగినప్పుడల్లా వాటి కింద ఇంకాస్త సందు పడుతుంది. దారం పట్టేంత సందు చాలు, ఇంగ్లండు వాన మిగతా పని తానే చూసుకుంటుంది.

ఆ తడి కంటికి కనబడదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట అచ్చంగా దీనికే సరిపోతుంది. గోడకాగితం మీద మరక కనబడే నాటికి లోపలి కొయ్య చీకిపోయి, వేలితో నొక్కితే నానిన రస్కులా దిగబడుతుంది. తలుపు తీయగానే ముక్కిపోయిన బియ్యం వాసన వస్తే అనుమానించండి. అన్నం వండినప్పుడు, కుక్కరు కూత పెట్టినప్పుడు లేచే ఆవిరి కిటికీ అద్దాల మీద చేరడం వేరు. అది తుడిస్తే పోతుంది, గాలి ఆడితే ఆరిపోతుంది. వారం రోజులు ఆరబెట్టాక కూడా అదే మూలలో చెమ్మ తగులుతోందంటే నీరు బయటి నుంచి వస్తోందని గ్రహించాలి.

ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు, దీనికి కొలత ఉంది. చెమ్మ మీటరు పట్టి గోడ పొడవునా పదుల చోట్ల అంకెలు రాస్తారు. 15 శాతం లోపు ఉంటే ఫరవాలేదు. 15 నుంచి 20 మధ్య ఉంటే కొన్నాళ్లకు మళ్లీ చూడాలి. 20 దాటితే నీరు చేరుతున్నట్టే, ఎక్కడినుంచో వెతికి ఆపాలి. 30 దాటితే లోపలి కొయ్య దెబ్బతిన్నట్టే లెక్క. ఏటా సర్వీసు చేయించినప్పుడు ఈ అంకెల కాగితం అడిగి తీసుకోండి. ఒక్క ఏడాది అంకె పెద్దగా ఏమీ చెప్పదు. నిరుడు 14, ఈ ఏడు 19, వచ్చే ఏడు 25 అని ఒకే మూలలో వరసగా ఎక్కుతున్న అంకె మాత్రం ఆ బండికి రోజులు దగ్గరపడ్డాయని చెబుతుంది.

నేలను కూడా పాదాలతో చదవాలి. తలుపు దగ్గర, పొయ్యి ముందు నిలబడి బరువు వేయండి. నేల మెత్తగా ఊగినా, కిర్రుమన్నా లోపలి ప్లైవుడ్, నురుగు పొరలు విడిపోతున్నాయని అర్థం. చిన్న చోటులో అయితే రంధ్రాలు వేసి రెసిన్ ఎక్కించి అతికిస్తారు, నిలుస్తుంది. నేలతో పాటు గోడ మూలలు కూడా చీకిపోతే మాత్రం ఆ గోడలకే తగిలించిన సామాన్ల అరలు, మంచాలు, గ్యాసు పరికరాలు దేన్ని పట్టుకుని నిలబడతాయో ఆలోచించండి.

అమ్మానాన్నలు నిద్రపోయే గది

టైరు, చెమ్మ తరవాత బండి ఆయుష్షును లెక్కపెట్టే మూడో గడియారం గ్యాసుది. వేసవికి మన అమ్మానాన్నలో అత్తమామలో ఊరి నుంచి వస్తారు. లేక్ డిస్ట్రిక్ట్ చూపిద్దాం, స్కాట్లండు తీసుకెళ్దాం అనుకుంటాం. ఏప్రిల్ రాత్రి చలి వాళ్లకు అలవాటు లేదు. కాళ్ల దగ్గర గాలి కొడుతోందని నేలలోని రంధ్రాలకు దుప్పటి అడ్డం పెడతారు, పైకప్పు గవాక్షం మూసేస్తారు. ప్రేమతో చేసే ఈ పనులే ప్రాణం తీస్తాయి. ఆ నేల రంధ్రాలు ఊరికే పెట్టినవి కావు. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే కిందికే దిగుతుంది. బయటికి పోయే దారి అదొక్కటే.

గ్యాసు సరిగ్గా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ మరీ ప్రమాదం. దానికి రంగు లేదు, వాసన లేదు. మన పల్లెల్లో మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవని కథలు విన్నాం కదా, చంపింది ఇదే. మంట నీలంగా నిటారుగా కాక పసుపుపచ్చగా ఊగుతుంటే, పరికరం చుట్టూ మసి పడుతుంటే వెంటనే ఆపేయండి. జ్వరం లేకుండానే తలనొప్పి, వికారం, మగత వస్తే, అందరికీ ఒకేసారి వస్తే, గ్యాసు కట్టేసి, తలుపులు తీసి, అందరూ బయటికి వచ్చి 999కు ఫోన్ చేయండి. బొగ్గుల బార్బెక్యూ చల్లారిందనుకుని లోపలికో గుడారంలోకో తెచ్చుకోకండి. చల్లారినట్టు కనబడుతూనే అది విషవాయువు వదులుతుంది.

ఇక్కడా తేదీలున్నాయి. గ్యాసు గొట్టం మీద తయారైన ఏడాది ముద్రించి ఉంటుంది. అయిదేళ్లకు మార్చేయాలి, పగుళ్లు కనిపిస్తే అంతకుముందే. రెగ్యులేటరుకు పదేళ్లు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మీద కూడా గడువు తేదీ ఉంటుంది. ఇళ్లలో వాడేది తెచ్చి తగిలించకుండా, కుదుపులకూ చలికీ తట్టుకునేలా కారవాన్ల కోసం చేసిన బీఎస్ ఈఎన్ 50291-2 ప్రమాణం ఉన్నదే కొనండి. పరికరాలన్నిటినీ ఏటా గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్న ఇంజనీరుతో చూపించండి. యూట్యూబు చూసి మనమే బిగించుకునే పని కాదిది.

మార్చే ఘడియ ఎలా తెలుస్తుంది?

ఇన్నేళ్లకు మార్చాలని ఒక్క అంకె చెప్పమని అడుగుతారు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. ఏటా సర్వీసు చేయించి, షెడ్డులో పెట్టి చూసుకున్న పద్దెనిమిదేళ్ల బండి ఇంకా బాగుండవచ్చు. కొన్న రోజు నుంచి చెట్టు కింద వదిలేసిన ఆరేళ్ల బండి అప్పటికే చీకిపోయి ఉండవచ్చు. పాతది ఉంచుకోవడం తప్పని మేము అనడం లేదు. కొత్త మోడల్ వచ్చిందని అమ్మకందారు ఊరించగానే అప్పు చేసి పరుగెత్తమనీ చెప్పడం లేదు. కొత్త కారవాన్ ధర మొదటి కొన్నేళ్లలోనే గబగబా పడిపోతుంది. ఆ నష్టం మొదటి యజమానిదే కనుక, సర్వీసు పుస్తకం పూర్తిగా ఉన్న మూడు నాలుగేళ్ల బండి కొనడమే మధ్యతరగతి ఇంటికి తెలివైన పని.

ఉన్నదాన్ని వదిలించుకోవాలో లేదో తేల్చుకోవడానికి మేము చెప్పే కొలతలు మూడు. మొదటిది, ఒకటికి మించిన చోట్ల చెమ్మ 30 శాతం దాటితే, లేదా నేలా గోడా రెండూ మెత్తబడితే, ఆ బండి రోడ్డు ప్రయాణాలకు ముగిసినట్టే. రెండోది, ఈ ఏడాది చేయించాల్సిన మరమ్మతుల అంచనా బండి ఇప్పటి ధరలో సగం దాటితే మరమ్మతు మానేయండి, ఆ డబ్బు తరవాతి బండికి దాచండి. మూడోది, మీ కారు మారుతుంటే కారవాన్ లెక్క కూడా మళ్లీ మొదటినుంచి చూడండి. కొత్తగా లాగేవాళ్లు నింపిన కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటనివ్వకూడదని ఇక్కడి కారవాన్ క్లబ్బులు చెబుతాయి. కారు 1,600 కిలోలైతే కారవాన్ 1,360 కిలోలు దాటకూడదన్నమాట. కొన్ని విద్యుత్ కార్లకైతే లాగే అనుమతే లేదు. కారు ముందు కొనేసి, తరవాత కారవాన్ సంగతి చూసుకునేవాళ్లు రెంటికీ చెడిన రేవడులవుతారు.

ఈ నిర్ణయానికి సరైన కాలం శరదృతువు. సీజను ముగిశాక, వానలు ముదరక ముందు చెమ్మ చూపించి, ఉంచాలా అమ్మాలా తేల్చుకోవాలి. ఏప్రిల్‌లో పిల్లలు బ్యాగులు సర్దుకుని నిలబడ్డాక తేల్చుకుంటే జవాబు ఎప్పుడూ "ఈ ఒక్కసారికి పోయొద్దాం" అనే వస్తుంది. నిరుడు శరత్తులో చూపించనివాళ్లు ఇప్పుడైనా బయల్దేరేముందు చూపించండి. నేషనల్ కారవాన్ కౌన్సిల్ (ఎన్‌సీసీ) ఆమోదించిన వర్క్‌షాపులు, ఇంటి దగ్గరికే వచ్చే మెకానిక్‌లు ఉన్నారు. సెలవుల ముందు వాళ్లకు ఊపిరాడదు కాబట్టి ఈరోజే ఫోన్ చేయండి. దొరకకపోతే ప్రయాణం వాయిదా వేయండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

కొత్తది కొన్నవాళ్లకూ ఒక మాట. నీరు కారకుండా గోడలకు తయారీదారులు ఆరేళ్ల నుంచి పదేళ్ల దాకా హామీ ఇస్తుంటారు. కానీ అది ఏటా గుర్తింపు ఉన్నచోట సర్వీసు చేయించి, చెమ్మ పరీక్ష ముద్ర వేయించుకుంటేనే. మూడొందల పౌండ్లు ఎందుకులే అని ఒక్క ఏడాది మానేసినవాళ్లు వేల పౌండ్ల హామీని తమ చేత్తో తామే చించేసుకుంటున్నారు.

కదలని కారవాన్‌కు గడువు వేరు

సముద్రం ఒడ్డు పార్కులో ఒకేచోట నిలిపి ఉంచే స్టాటిక్ కారవాన్లు కొంటున్నవాళ్లు కూడా పెరుగుతున్నారు. దాని ఆయుష్షు కొయ్యలో కంటే ఒప్పందంలో ఉంటుంది. ఆ పార్కులో బండి ఎన్నేళ్ల వయసు వచ్చేదాకా ఉండవచ్చో చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. గడువు దాటితే తీసేయాల్సిందే, ఎంత బాగున్నా సరే. అమ్మాలంటే పార్కు యజమాని అనుమతి కావాలి, కొన్నవాడికి మిగిలేది ఆ గడువులో మిగిలిన ఏళ్లే. చవగ్గా వస్తోందని పన్నెండేళ్ల స్టాటిక్ కొన్నవాళ్లు, ఆ పార్కులో గడువు పదిహేనేళ్లే అయితే మూడేళ్ల అద్దె ఇంటినే కొన్నట్టు. పైగా ఏటా స్థలం ఫీజు ఉంటుంది, సెలవుల పార్కులో దాన్ని శాశ్వత నివాసంగా వాడుకోవడానికి వీల్లేదు. సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ బండి ఈ చోట ఏ ఏడాది దాకా ఉండవచ్చు? జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి.

మనవాళ్లకు అంటగట్టకండి

చివరి హెచ్చరిక అమ్మేవాళ్లకు. పాత కారవాన్ వదిలించుకోవాలనుకోగానే ముందు గుర్తొచ్చేది మన వాట్సాప్ గ్రూపు. "మనవాళ్లకే ఇద్దాం, తక్కువకి ఇద్దాం" అంటాం. మంచి మాటే. కానీ మూలన చెమ్మ మరక మీద కొత్త గోడకాగితం అతికించి, ముక్కిపోయిన వాసన పోవడానికి సాంబ్రాణి వేసి, నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడి చేతిలో పెడితే దాన్ని సాయం అనలేం. టైర్ల వయసు తెలిసీ చెప్పకపోవడం కూడా అంతే. అతను అన్నా అని పిలిచి బేరం చెయ్యకుండా కొంటాడు. మీ మాట మీద కొంటాడు.

కొనేవాళ్లూ మొహమాటం పక్కన పెట్టండి. అన్నయ్య అమ్మినా, బాబాయి అమ్మినా చెమ్మ కాగితం అడగండి, సర్వీసు పుస్తకం చూడండి, నాలుగంకెలు మీరే చదవండి. 1992 నుంచి ఎన్‌సీసీలో సభ్యులైన తయారీదారుల కారవాన్లకు క్రిస్ అనే జాబితాలో 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. చాసిస్ మీదా, కిటికీ అద్దాల మీదా అదే చెక్కి ఉంటుంది. రెండూ కలవకపోయినా, గీకేసినట్టున్నా వెనక్కి వచ్చేయండి. దొంగ బండో, అప్పు తీరని బండో క్రిస్‌లో చూసుకోవచ్చు. చీకట్లో, వానలో, ఫొటోలు చూసి కొనకండి.

ఇక ఇప్పుడు చేయాల్సిన పని చిన్నది. ఒక తెల్ల కాగితం తీసుకుని టైర్ల తేదీ, గ్యాసు గొట్టం ఏడాది, రెగ్యులేటరు ఏడాది, అలారం గడువు, చివరిసారి తీసిన చెమ్మ అంకెలు, వాటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన మూల పేరు రాయండి. కారవాన్ బట్టల బీరువా తలుపు లోపలివైపు అతికించండి. ప్రతి శరత్తులో కింద మరో వరస చేర్చండి. ఉంచుకోవాలో మార్చాలో ఏదో ఒక ఏడాది ఆ కాగితమే మీకు చెబుతుంది, ఇంట్లో వాదన అక్కర్లేకుండా. అమ్మిన రోజున బండి తాళం ఇవ్వండి, పుస్తకాలు ఇవ్వండి. ఆ కాగితం మాత్రం చింపకుండా తలుపు మీదే వదిలేయండి.